వేరుకు కిందు ఎటో ఎలా తెలుస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన రాకెట్టులోని ఎనిమిది బొబ్బర గింజలు కక్ష్యలో మొలకెత్తాయన్న వార్త వచ్చినప్పటి నుంచీ, ఆపైన 2025లో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో మెంతులూ పెసలూ మొలకెత్తించినప్పటి నుంచీ ఈ శీర్షికకు అంతరిక్షంలో మొక్కల పెంపకం గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గోదావరి డెల్టా నుంచే వచ్చాయి. నేలతోనూ నీళ్లతోనూ రోజూ పని పడేవారు అడిగారు కనుక ఆ ప్రశ్నలు సూటిగా విషయం మూలానికే వెళ్లాయి. ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది నర్సరీ. ట్రేలో గింజ ఎలా పడినా, తలకిందులుగా పడినా సరే, వేరు కిందికీ మొలక పైకీ వెళ్లడం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. పైనా కిందా అంటూ లేని చోట వేరు ఎటు పోతుంది?
– ఒక నర్సరీ రైతు, కడియపులంక

జవాబు: ముందుగా ఒక అపోహ తీర్చుకుందాం. అంతరిక్ష కేంద్రం తిరిగే సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా భూమి ఆకర్షణ దాదాపు 90 శాతం అలాగే ఉంటుంది. అయితే కేంద్రమూ, అందులోని మనుషులూ, కుండీలూ, నీళ్లూ అన్నీ కలిసి ఒకే తీరున భూమి చుట్టూ ఎడతెగకుండా పడిపోతూ ఉంటాయి కాబట్టి, ఏ వస్తువూ మరొక వస్తువు మీద బరువు మోపదు. అక్కడ మొక్కకు కరువయ్యేది ఆ బరువే.

వేరుకు కిందు ఎటో చెప్పేది కూడా ఆ బరువే. వేరు కొనను టోపీలా కప్పి ఉంచే వేరు తొడుగు నడిమి భాగంలో, కొన్ని కణాల లోపల పిండి రేణువులు ఉంటాయి. కణంలోని మిగతా పదార్థం కంటే అవి బరువైనవి కనుక, మీరు మొలకను పక్కకు పడుకోబెట్టగానే కొద్ది నిమిషాల్లో కణం కొత్త అడుగుకు జారి చేరతాయి. అవి ఏ గోడ మీద వాలాయో ఆ వైపుకు ఆక్సిన్ అనే హార్మోను ఎక్కువగా ప్రవహిస్తుంది. వేరులో ఆక్సిన్ ఎక్కువైన వైపు పెరుగుదల మందగిస్తుంది, పై వైపు సాగుతుంది, దానితో వేరు కొన కిందికి వంగుతుంది. కాండంలో అదే ఆక్సిన్ పెరుగుదలను పెంచుతుంది కాబట్టి అది పైకి లేస్తుంది. తుపాను గాలికి పడిపోయిన వరిచేను, గింజ ముదరక ముందైతే, మూడు నాలుగు రోజులకు కణుపుల దగ్గర మోచేయిలా వంగి మళ్లీ తల ఎత్తడం డెల్టాలో చూడని వారుండరు. ఆ కణుపుల్లో కూడా ఇలాంటి పిండి రేణువులే దారి చూపుతాయి.

ఈ సంగతి అంతరిక్ష యుగానికి చాలా ముందే ఒక తోటలో తేలడం మొదలైంది. 1806లో ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్ అనే తోటల శాస్త్రవేత్త నీటి ప్రవాహంతో తిరిగే చక్రానికి గింజలు కట్టి మొలకెత్తించాడు. వేళ్లన్నీ చక్రం అంచుకు బయటి వైపుకూ, మొలకలన్నీ ఇరుసు వైపుకూ పెరిగాయి. చక్రం తిరగడం వల్ల పుట్టిన తోపునే అవి బరువుగా భావించాయన్న మాట. మరి ఆ తోపు కూడా లేకపోతే ఏమవుతుందో చూడాలంటే నేల మీద మార్గం లేదు, కక్ష్యకు వెళ్లవలసిందే.

అక్కడ తేలింది ఇది. పిండి రేణువులు ఏ గోడ మీదా వాలవు, కణంలో చెదిరి ఉంటాయి. గింజలోని పిల్లమొక్క మొదట ఎటు ముఖం పెట్టి ఉంటే వేరు సుమారుగా అటే బయలుదేరుతుంది. ఆ తరువాత వెలుతురు దారి చూపుతుంది. మొలక దీపం వైపుకు సాగితే, వేరు దీపానికి ఎడంగా జరుగుతుంది. తేమా, తగిలిన వస్తువుల స్పర్శా కూడా వేరును మళ్లిస్తాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా-లీసా పాల్, రాబర్ట్ ఫెర్ల్ తదితరులు 2012లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ ముఖ్యమైనది. నేల మీద వేళ్లు అలలుగా వంకర్లు పోతూ ఒక పక్కకు ఒరుగుతూ పెరగడానికి గురుత్వం తప్పనిసరి కారణమని అంతవరకూ భావించేవారు. అంతరిక్ష కేంద్రంలో పెంచిన అరబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్క వేళ్లు గురుత్వ ప్రభావం లేకుండానే అలాగే ఒరిగాయి. మొక్క లోపల ఎప్పటి నుంచో ఉన్న ఒక స్వభావం, బరువు చాటున దాగి ఉండి, బరువు తొలగినప్పుడు బయటపడింది. నా దృష్టిలో అంతరిక్షంలో మొక్క పెంచడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే: కోట్ల ఏళ్లుగా మొక్కకు తోడుగా ఉన్న ఒకే ఒక్క విషయాన్ని పక్కన పెట్టి, మిగిలినది ఏమిటో చూడగలగడం.

ప్రశ్న: మాది లంక గ్రామం. మండె కట్టిన, అంటే నానబెట్టి మొలకెత్తించిన విత్తనం చల్లిన నారుమడిలో నీళ్లు రెండు రోజులు ఎక్కువ నిలిస్తే మొలక కుళ్లుతుంది, తగ్గితే ఎండుతుంది. నేల మీద ఉన్న మాకే ఈ లెక్క కుదరడం కష్టం. నీళ్లు ఒలకని, పారని చోట వాళ్లు మొక్కకు నీళ్లు ఎలా పెడుతున్నారు?
– ఒక వరి రైతు, కోనసీమ

జవాబు: అయ్యా, అంతరిక్షంలో మొక్కలు పెంచేవారికి ఈనాటికీ పూర్తిగా లొంగని సమస్య ఇదే.

మన చేలో నీరు పెట్టగానే బరువు వల్ల అది కిందికి దిగుతుంది, దిగుతూ మట్టి సందుల్లోకి వెనుక నుంచి గాలిని లాక్కుంటుంది. వేరుకు నీరూ గాలీ వంతుల వారీగా అందడం ఆ దిగడం వల్లనే. బరువు లేని చోట నీరు దిగదు. తాకిన ప్రతి దానికీ జిగురులా అంటుకుని, వేరు చుట్టూ మందపాటి పొరగా పేరుకుంటుంది. నీటిలో వాయువులు పాకే వేగం గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ కాబట్టి, ఆ పొర లోపల వేరుకు ఆక్సిజన్ అందదు. కుండీలో ఒక మూల వేరు మునిగి ఊపిరాడక ఉంటే, అదే కుండీలో మరో మూల వేరు ఎండిపోతూ ఉండవచ్చు.

2014లో అంతరిక్ష కేంద్రంలో అమర్చిన ‘వెజ్జీ’ అనే పెంపకపు పెట్టెలో దీనికి చేసిన ఏర్పాటు చూడండి. చిన్న దిండ్ల వంటి గుడ్డ సంచుల్లో కాల్చిన బంకమట్టి రేణువులను, నెమ్మదిగా కరిగే ఎరువును నింపుతారు. సంచి పైన చీలికలో వత్తి ఉంటుంది, గింజను ఆ వత్తికి అంటిస్తారు. సిబ్బంది నీటిని సన్నని గొట్టం ద్వారా సంచిలోకి ఎక్కిస్తారు. మన ప్రమిదలో వత్తి నూనెను పైకి పీల్చుకున్నట్టే, ఈ వత్తి నీటిని గింజ దాకా తెస్తుంది. పీల్చుకోవడానికి బరువుతో పని లేదు కనుక ఈ పద్ధతి అక్కడ కూడా పనిచేస్తుంది. ఇలా పెంచిన ఎర్ర లెట్యూస్ ఆకుకూరను 2015 ఆగస్టు 10న వ్యోమగాములు స్కాట్ కెల్లీ, షెల్ లిండ్‌గ్రెన్, కిమియా యుయి కేంద్రంలోనే రుచి చూశారు.

అదే పెట్టెలో ఆ ఏడాది చివర జిన్నియా పూల మొక్కలు పెట్టినప్పుడు మాత్రం పని దాదాపు చెడింది. తెల్లవారుజామున నారుమడి గట్టు మీద కూర్చుని చూస్తే, ప్రతి వరి ఆకు కొనన ఒక నీటి బొట్టు గుండ్రంగా, కదలకుండా నిలిచి ఉంటుంది. చాలామంది దాన్ని మంచు బిందువు అనుకుంటారు. నిజానికి రాత్రంతా వేళ్లు పైకి తోసిన నీరు, ఆవిరైపోవడానికి వీలు లేక ఆకు కొన నుంచి బయటికి వచ్చి నిలిచినది అది. శాస్త్ర పరిభాషలో దానిని బిందుస్రావం అంటారు. కాస్త పొద్దెక్కి గాలి ఆడగానే ఆ బొట్టు ఉండదు. అంతరిక్షంలో జిన్నియా ఆకులూ ఇలాగే నీరు చిమ్మాయి. అయితే అక్కడ వేడిగాలి పైకి లేచి చల్లగాలి కిందికి దిగే కదలిక లేదు, ఫ్యాను తిప్పితేనే గాలి ఆడుతుంది. ఫ్యాను వేగం చాలక తేమ ఆకుల మీదే నిలిచిపోయి, ఆకులు ముడుచుకుని బూజు పట్టింది. వేగం పెంచితే ఈసారి మొక్కలు వాడిపోసాగాయి. చివరికి, నేల మీద వేసిన పట్టిక ప్రకారం నీళ్లు పెట్టడం మానేసి, చూసి తానే నిర్ణయించుకుంటానని స్కాట్ కెల్లీ అడిగి ఒప్పించాడు. మొక్కను కంటితో చూసి, ఆకును చేత్తో తాకి నీళ్లు పెట్టడం మొదలుపెట్టాక, మిగిలిన మొక్కలు 2016 జనవరిలో పూశాయి. మీరు రోజూ పొద్దున్నే మడి దగ్గరికి వెళ్లి చేసే పని అదే కదా.

ఊపిరాడని వేరు సంగతి మీ ముంపు సమస్యకు మరింత దగ్గరది. అంతరిక్ష నౌకల్లో పెరిగిన మొక్కల వేళ్లను పరీక్షించినప్పుడు ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము ఎక్కువైనట్టు తేలింది. ఆక్సిజన్ అందనప్పుడు ప్రాణం నిలుపుకోవడానికి వేరు తయారు చేసుకునే ఎంజైము ఇది. వరద నీట మునిగిన వరి మొక్కలోనూ ఇదే పెరుగుతుంది. ఒకరికి నీరు ఎక్కువై, మరొకరికి నీరు కదలక కలిగిన కష్టం వేరు దృష్టిలో ఒకటే. వరికి ఒక వెసులుబాటు ఉంది. కాండం నుంచి వేరు కొన దాకా గాలి పోయే గొట్టాల వంటి ఖాళీలను అది తనలో నిర్మించుకుంటుంది. లెట్యూస్‌కు ఆ విద్య లేదు.

ప్రశ్న: ఆకుకూరలు, పూలు సరే. వరి గానీ గోధుమ గానీ అక్కడ గింజ కట్టిందా? మన స్వర్ణ వరిని అక్కడ పండించవచ్చా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పెనుగొండ

జవాబు: కట్టింది. కాని మొదటి గోధుమ అనుభవం అంతా తాలే.

1982లో సోవియట్ కేంద్రం సాల్యూత్-7లో అరబిడాప్సిస్ పూసి గింజ పట్టింది. ఆహార ధాన్యం విషయానికి వస్తే, 1996–97లో రష్యా అంతరిక్ష కేంద్రం మిర్‌లో ‘స్వెత్’ అనే చిన్న హరితగృహంలో సూపర్ డ్వార్ఫ్ అనే పొట్టి గోధుమ వేశారు. పిలకలు మామూలు కంటే ఎక్కువగా వచ్చాయి, కంకులూ వచ్చాయి. నేలకు తెచ్చి విప్పి చూస్తే ఒక్క కంకిలోనూ గింజ లేదు. గురుత్వం లేకపోతే ధాన్యం పండదేమో అన్న భయం కలిగింది. కారణం మరొకటని తరువాత తేలింది. కేంద్రంలోని మూసిన గాలిలో ఇథిలీన్ అనే వాయువు పేరుకుపోయింది. నేల మీద అంతే మోతాదు ఇథిలీన్ కలిపిన గాలిలో అదే గోధుమను పెంచితే అదే విధంగా పిలకలు ఎక్కువై, పుప్పొడి చెడి, కంకులు తాలు పోయాయి. అపోజీ అనే మరో పొట్టి రకాన్ని 1998–99లో అదే మిర్‌లో వేసినప్పుడు అది గింజ కట్టింది. ఈ మధ్యలో 1997లో అమెరికా వ్యోమగామి మైకేల్ ఫోల్ అక్కడే ఆవ జాతి మొక్కల పూలకు చేత్తో పరాగ సంపర్కం చేసి, వచ్చిన గింజను మళ్లీ నాటి రెండో తరం కూడా పండించాడు. తేనెటీగ చేయవలసిన పనిని మనిషి ఒక్కో పువ్వు దగ్గరా చేయవలసి వచ్చింది. గింజలు మాత్రం కాస్త చిన్నవిగా వచ్చాయి.

వరి విషయంలో విత్తనం నుంచి విత్తనం దాకా మొదటిసారి చూపించినది చైనా. 2022 జూలైలో తన అంతరిక్ష కేంద్రానికి పంపిన వెన్‌తియన్ విభాగంలో 120 రోజుల పాటు వరిని పెంచి, డిసెంబరులో గింజను నేలకు తెచ్చారు. మొక్కలు నేల మీది వాటికంటే విచ్చుకున్నట్టు, ఆకులు బయటికి వాలి పెరిగాయి. పాలు పోసుకుని గింజ గట్టిపడే దశకు పది రోజులకు పైగా అదనంగా పట్టింది, చాలా గింజలకు పొట్టు సరిగా మూసుకోలేదు. కోసిన దుబ్బుల నుంచి మళ్లీ పిలకలు వచ్చి అవీ కంకి వేశాయి. రెండో పంట గురించి తెలిసిన డెల్టా రైతుకు ఈ చివరి మాట చదవగానే కలిగే సంతోషం నాకూ కలిగింది.

మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, సుమారు 150 రోజుల పంట, చేలో పొట్టి రకమే అయినా అంతరిక్షంలోని పెట్టెలకు ఎత్తు ఎక్కువ. అక్కడి పెట్టెల్లో నిటారుగా ఉన్న స్థలం జానలతో కొలిచేంతే. అందుకే అక్కడికి మరీ పొట్టి రకాలే వెళతాయి, స్వర్ణ వెళ్లదు. అయితే స్వర్ణకూ ఈ ఇథిలీన్ కథకూ దగ్గర సంబంధం ఉంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వంటి దానిలో వరి మునిగినప్పుడు, మొక్క నుంచి వెలువడే ఇథిలీన్ నీటిలోకి తప్పించుకుపోలేక మొక్కలోనే పేరుకుంటుంది. మిర్‌లో తలుపులు మూసి ఉండటం వల్ల జరిగినది ఇక్కడ నీరు కప్పడం వల్ల జరుగుతుంది. మామూలు వరి ఆ సంకేతానికి ఒక్కసారిగా పైకి సాగి, దాచుకున్న పిండినంతా ఖర్చు చేసుకుని, నీరు తీసేసరికి నీరసించి పడిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఎ అనే పాత రకంలోని సబ్1 జన్యువు అదే ఇథిలీన్ సంకేతాన్ని అందుకుని, సాగకుండా ఓర్చుకోమని మొక్కను ఆపుతుంది. ఆ జన్యువును స్వర్ణలోకి సంకరం ద్వారా తెచ్చిన స్వర్ణ-సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది, సుమారు రెండు వారాల మునకను తట్టుకుంటుంది. ఈ రకం అంతరిక్ష పరిశోధన వల్ల వచ్చిందని నేను చెప్పడం లేదు, రాలేదు. ఒకే వాయువు, తప్పించుకునే దారి మూసుకుపోయినప్పుడు, ఆకాశంలోనూ లంకలోనూ పంటను ఎలా శాసిస్తుందో చెబుతున్నాను.

ప్రశ్న: ఇందులో మన దేశం చేసినది ఏమిటి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, భీమవరం

జవాబు: మొదలుపెట్టాం. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం రూపొందించిన ‘క్రాప్స్’ పెట్టెలో వెళ్లిన బొబ్బర గింజలు పి.ఎస్.ఎల్.వి-సి60 రాకెట్టు నాలుగో దశ మీద, నాలుగు రోజుల్లో మొలకెత్తి, ఆ తరువాత ఆకులు కూడా విప్పాయి. అక్కడ మనిషి లేడు. నీళ్లు పెట్టడం, కెమెరాతో చూడడం అన్నీ యంత్రమే చేసింది. 2025 జూన్ 25న బయలుదేరిన శుభాంశు శుక్లా మొలకెత్తించిన మెంతులను, పెసలను నేలకు తెచ్చి పరీక్షించడానికి అక్కడే గడ్డకట్టించి ఉంచారు. ధార్వాడ్ శాస్త్రవేత్తల ప్రయోగం అది. ఆయనతో పాటు కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన వరి, అలసంద, నువ్వు, వంగ, టమాటా విత్తనాలు కూడా వెళ్లి వచ్చాయి.

ప్రశ్న: నేను అరటి వ్యాపారం చేస్తాను. అంత ఖర్చు పెట్టి పైన నాలుగు ఆకులు పండిస్తే కింద ఉన్న మాకు ఒరిగేది ఏమిటి?
– రావులపాలెం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ ప్రశ్న అడిగే హక్కు మీకు ఉంది. పైన పండిన లెట్యూస్ వల్ల కింద ఎవరి కంచమూ నిండదు. ఖర్చు చేసినది తెలుసుకోవడానికి. తెలుసుకున్నది మీ దాకా వచ్చిన ఒక సందర్భం మీ వ్యాపారంలోనే ఉంది కనుక చెబుతాను.

అరటి గెలలో ఒక అత్తం ముందుగా పండితే పక్క అత్తాలూ త్వరపడి పండటం, మగ్గబెట్టిన గదిలో గెలలన్నీ కలిసి రంగు తిరగడం మీరు రోజూ చూస్తారు. పండే కాయ వదిలే ఇథిలీన్ పక్క కాయను పండిస్తుంది. గోధుమను తాలు చేసినదీ ఈ వాయువే. దూరం పంపే సరుకుకు ఇది శత్రువు. లారీలో ఒక గెల పండిందంటే మిగతా లోడు గమ్యం దాకా ఆగదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1990లలో ‘ఆస్ట్రోకల్చర్’ అనే అంతరిక్ష పెంపకపు పెట్టెను తయారు చేస్తూ, మూసిన గాలిలో పేరుకునే ఇథిలీన్‌ను తొలగించడానికి ఒక పరికరం తయారు చేశారు. టైటానియం డయాక్సైడ్ పూత పూసిన గొట్టాల గుండా గాలిని పంపి, వాటి మీద అతినీలలోహిత కాంతి పడేటట్లు చేస్తే, ఇథిలీన్ విడిపోయి బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారిపోతుంది. మార్చవలసిన వడపోత ఉండదు, మిగిలే వ్యర్థమూ ఉండదు. 1995లో అమెరికా వ్యోమనౌక కొలంబియా షటిల్‌లో ఆ పెట్టెలోనే బంగాళాదుంప ఆకు ముక్కల నుంచి చిన్న దుంపలు ఊరాయి. పెట్టె కోసం పుట్టిన ఆ గాలి శుద్ధి పద్ధతి తరువాత పండ్లు, పూలు నిల్వ చేసే గదుల్లోకి వచ్చింది. ఎరుపు, నీలం ఎల్.ఇ.డి. దీపాల కింద మొక్కలు పెంచే పద్ధతికి తొలి పరిశోధన జరిగినదీ ఆ బృందం దగ్గరే. రావులపాలెం వంటి మార్కెట్‌కు ఇథిలీన్ తొలగించే శీతల గదులు ఇంకా ఎన్నో కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: వేరు వంగడం నేను ఇంట్లో చూడవచ్చా?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని, అమలాపురం

జవాబు: తప్పకుండా చూడవచ్చు, తల్లీ. పది పెసలను రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టు. మరునాటికి అంగుళంలో సగం పొడవు తెల్లని వేరు వస్తుంది. ఒక గాజు గ్లాసు లోపలి గోడకు తడిపిన అద్దుడు కాగితం అంటించి, కాగితానికీ గాజుకూ మధ్య ఆ పెసలను వేరు కిందికి ఉండేటట్లు దూర్చు. గ్లాసు అడుగున రెండు చెంచాల నీళ్లు పోసి, చీకటిగా ఉండే అలమరలో పెట్టు. చీకటి ఎందుకంటే, వెలుతురు కూడా వేరును మళ్లిస్తుందని పైన చదివావు కదా, ఇక్కడ బరువు ఒక్కటే పని చేయాలి. మరునాడు పొద్దున్న నీళ్లు వంచేసి, గ్లాసును పక్కకు పడుకోబెట్టి, ఒక్కో వేరు కొన ఎక్కడ ఉందో గాజు మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టు.

ఈ జవాబు రాసే ముందు నేనూ చేసి చూశాను. ఏడు గంటలకు పడుకోబెడితే పది గంటలకు మూడు వేళ్ల కొనలు, కొన మాత్రమే, కొక్కెంలా కిందికి తిరిగాయి. మధ్యాహ్నానికి అన్నీ తిరిగాయి. నువ్వు రెండు గ్లాసులు పెట్టి, రెండో దానిలో వేరు కొనను ఒక మిల్లీమీటరు మేర బ్లేడుతో తీసేసి చూడు. బ్లేడు పని మాత్రం పెద్దవాళ్లతో చేయించు. ఏ గ్లాసులో ఎన్ని వేళ్లు వంగాయో, ఎన్ని గంటలకు వంగాయో రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాను.